ఆజ్ఞయు అంగీకారమును



డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసమును చేయుటకు నన్ను నియోగించిన నిర్వాహకులకు మొదట నా కృతజ్ఞతలు తెలుపుకొనుచున్నాను. నేను వైద్యుడను కాను. చరిత్ర గ్రంథములను, పాత ప్రభుత్వ పత్రములను చదువుచు కాలము గడపినవాడను మాత్రమే. అట్టివాడను ఔషధ పరిశోధనకు జీవితమును ధారపోసిన మహనీయుని పేర పలుకవలసివచ్చినప్పుడు, ఆయన చూపిన మార్గమునకు వెలుపల మిగిలిపోయిన ప్రశ్న నొకదానిని ఎన్నుకొనుటయే ఉచితమని తలంచితిని.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. యౌవనమందే సోదరు లిరువురు స్ప్రూ వ్యాధికి బలియగుట చూచి, ఆ దుఃఖమునే దీక్షగా గైకొని, మద్రాసున వైద్యవిద్య ముగించి, 1923లో అమెరికాలోని బోస్టను నగరము చేరి, పావుశతాబ్దము స్వదేశమునకు మరలి రాకయే పనిచేసి, 1948లో ఆ దేశముననే కన్నుమూసిరి. వారి నేతృత్వమున లెడర్లీ పరిశోధనాలయమునుండి వెలువడిన ఆరియోమైసిన్ అను ఔషధము టెట్రాసైక్లిన్ కుటుంబమునకు ఆద్యము. మన దేశమున కోటికి మించిన ప్రాణములను హరించిన ప్లేగును లొంగదీయగల మందులలో ఆ కుటుంబమునకు చెందినవి ముఖ్యములు. కాని మందు పుట్టుటకు పూర్వమో, పుట్టియు చేరుటకు పూర్వమో, మహామారి ఊరిలో అడుగుపెట్టిన దినమున రాజ్యము చేతనుండునది ఆజ్ఞ యొక్కటే. కదలవలదు, గుమికూడవలదు, పొలిమేర దాటవలదు, రోగిని అప్పగింపుడు అని శాసించుట తప్ప ఆ ఘడియలో దానికి వేరుగతి లేదు. ఆ శాసనము నానాటికి బిగియుచుండగా ప్రజ ఎట్లు స్పందించును, ఏల అట్లు స్పందించును అనునదే నేటి నా విషయము.

ఈ ప్రశ్నకు పాలకులు తరచుగా చెప్పుచు వచ్చిన సమాధాన మొకటి గలదు: ప్రజలు అజ్ఞానులు, మూఢవిశ్వాసములకు లోబడినవారు, తమ మేలు తామెరుగనివారు, కావుననే ఎదిరింతురు అని. చరిత్ర చదివినకొలది నాకు కలిగిన నిశ్చయము వేరు. ఆంక్ష యగుటచేతనే ఆంక్షను ప్రజలు ఎదిరించుట మిక్కిలి అరుదు. తమను కట్టివేసిన హస్తము తమకు అన్నము పెట్టుటకుగాని, కారణము చెప్పుటకుగాని, తమ మొర వినుటకుగాని బాధ్యత వహింపనప్పుడే వారు తిరుగబడుదురు, లేదా పారిపోవుదురు, లేదా రోగమును దాచిపెట్టుదురు. 1897లో మన దేశమున పుట్టిన అంటువ్యాధుల చట్టము పాలకుల అధికారమును లిఖించినదేగాని వారి విధిని లిఖింపలేదు. నూట ఇరువదియేండ్ల పిదప మన కన్నులయెదుట జరిగిన అనేక దుర్ఘటనలకు ఆ లోపమే మూలమని నిరూపించుట నా ఉద్దేశము.

వ్యాధి భయమున మార్గములను మూయుట కొత్తది కాదు. ఏడ్రియాటిక్ తీరమందలి రగూసా నగరము, అనగా నేటి దుబ్రోవ్నిక్, 1377లోనే వ్యాధిగ్రస్త ప్రాంతములనుండి వచ్చువారు ముప్పది దినములు వెలుపల నిలువవలెనని శాసించెను. ఆజ్ఞ ఎంత యుక్తమైనను అది జనహృదయమును చేరనిచో ఏమగునో 1771లో మాస్కో నగరము చూపినది. ప్లేగు ప్రబలియున్న వేళ ఒక దేవతామూర్తి యెదుట వేలకొలది జనులు గుమికూడుచుండగా, అంటు వ్యాపించునను భయముచే ఆర్చిబిషపు ఆంబ్రోసియస్ దానిని తొలగింప నెంచెను. వైద్యదృష్టిలో ఆయన చేసినది సరియైన పనియే. అయినను జనసమూహము ఆయనను వెదకి పట్టి చంపివేసెను. ఇందులకు ప్రతిగా, అంతకు నూరేండ్లకు పూర్వమే, 1665-66లో ఇంగ్లండునందలి ఈయమ్ అను పల్లె తన సంఘకాపరియైన విలియం మాంపెసన్ మాట విని, తనంత తాను పొలిమేర గీచుకొని వెలికి కదలక నిలిచినది. ఆ పల్లెవారి త్యాగమును కొనియాడువారు తరచుగా మరచు విషయ మొకటి గలదు. ఆ హద్దురాళ్లకడకు ఇరుగుపొరుగు గ్రామములవారును, డెవన్‌షైర్ ప్రభువును ఆహారమును పంపుచుండిరి. కట్టుబడి యుండుటకు ధైర్యముతోపాటు రొట్టెయు వలసియుండెను.

మన దేశమునకు వత్తము. 1896 సెప్టెంబరు మాసమున బొంబాయి మాండ్వీ ప్రాంతములో డాక్టరు అకాషియో వియేగాస్ తన రోగులను పట్టిన జ్వరము ప్లేగేయని గుర్తించెను. ఆ నగరమందు అప్పటికే తెలుగువారును కలరు. నిజాము రాజ్యమునుండి పొట్టకూటికై పోయి, రాళ్లెత్తి, గోడలుకట్టి, ఆ మహానగర నిర్మాణమున చెమటోడ్చిన కామాఠీల పేరనే కామాఠిపుర మేర్పడినది. అక్టోబరు 6వ తేదీన మునిసిపల్ కమిషనరు స్నో ఒక ప్రకటన వెలువరించెను. రోగియున్నాడని తోచిన ఏ యింటిలోనైనను ప్రవేశించుటకును, రోగిని బంధువుల సమ్మతి లేకయే ఆసుపత్రికి తరలించుటకును, ఇంటివారిని వేరుపరచుటకును అధికారులకు అది హక్కు నిచ్చెను. ఆసుపత్రి యనగా మరణగృహమని జనులు నమ్ముచున్న కాలమది. రోగుల దేహములనుండి తైలము తీయుదురనియు, కులము చెడగొట్టుటకే కొనిపోవుదురనియు వదంతులు పుట్టెను. ఆ నెల 29న సుమారు వేయిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్ ఆసుపత్రిపై దాడిచేసిరి. వీధులూడ్చు పాకీపనివారు నగరము విడిచిపోదురేమోయను భయము అధికారులకు కలిగి, ఆ మాసము ముగియకమునుపే ప్రకటనను సడలించిరి. అయినను వలస ఆగలేదు. 1897 ఫిబ్రవరి నాటికి ఎనిమిదిన్నర లక్షల జనాభాలో నాలుగు లక్షలకు చేరువగా ప్రజలు బొంబాయిని విడిచి పోయిరి. వారితోపాటు రోగమును ప్రయాణము చేసెను.

వైద్య మెరుగని జనుల వదంతులను ఎగతాళి చేయుట సులభము. కాని ఆ దినములలో వైద్యమెరిగినవారి జ్ఞానము ఏపాటిదో విచారింపుడు. హాంగ్‌కాంగులో యెర్సిన్, కితసాటో పండితులు ప్లేగు క్రిమిని 1894లోనే కనుగొనియుండిరి గాని, అది ఎలుకల మీది మిన్నల్లుల మూలమున మనుష్యులకు సంక్రమించునను సత్యమును పాల్ లూయీ సిమాండ్ కరాచీలో 1898లోగాని నిరూపింపలేదు. నిరూపించిన పిమ్మటను పెక్కేండ్లు పండితలోకము దానిని అంగీకరింపలేదు. అందుచేత 1897లో సైనికులు ఇండ్లు చొచ్చి నేల కడిగి, సున్నము వేసి, పైకప్పులు విప్పి, పాతబట్టలు కాల్చినదంతయు శత్రువు లేనిచోట చేసిన యుద్ధమే. దక్కను పల్లెలలో జనులు మరియొకటి నేర్చుకొనిరి: ఇంట ఎలుకలు చచ్చి పడినచో ఆ యిల్లు విడిచి పొలములలో పాకలు వేసికొని కొన్నాళ్లుండుట. కాలక్రమమున ప్రభుత్వ వైద్యులు సయితము అంతకంటె మేలైన ఉపాయము లేదని ఒప్పుకొనవలసివచ్చెను. (అదే 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ ఉదరమున మలేరియా పరాన్నజీవిని కనుగొనెను, అంటువ్యాధుల మర్మమెల్ల విప్పుకొన నారంభించిన ఆ యేడుననే అంటువ్యాధుల చట్టము అధికారము తప్ప వేరొకటి యెరుగని భాషలో వ్రాయబడుట నన్ను ఎన్నోమార్లు ఆలోచనలో ముంచినది.)

ఆ చట్టము పుట్టుక త్వరితముగా జరిగెను. ఐరోపా రేవులు భారతీయ సరకులను నిషేధింపగలవను భయము, వెనిస్ నగరమున జరుగనున్న అంతర్జాతీయ సమావేశపు ఒత్తిడి, హజ్ యాత్రికుల ప్రయాణమునుగూర్చిన వివాదము, ఇవన్నియు కలకత్తా ప్రభుత్వమును తొందరపెట్టెను. 1897 ఫిబ్రవరి 4న ఎపిడెమిక్ డిసీజెస్ చట్టము అమలులోనికి వచ్చెను. అందు నాలుగే సెక్షనులు. మొదటిది పేరు. రెండవది, సాధారణ శాసనములు చాలవని తోచినప్పుడు ప్రభుత్వము తనకు అవసరమని తోచిన ఏ నిబంధననైనను విధింపవచ్చునని చెప్పును. మూడవది, ఆజ్ఞ మీరినవారికి శిక్ష. నాలుగవది, ఈ చట్టము క్రింద సద్భావముతో పనిచేసిన అధికారిపై దావా చెల్లదని అభయము. ఖర్చులను, పరిహార మేదైన నున్నచో దానిని, ఎవరు భరింపవలెనో ప్రభుత్వమే నిర్ణయించునని ఒక ముక్క కలదు గాని, పరిహారము పొందుటకు ప్రజకు హక్కున్నదని ఎచ్చటను లేదు. నిర్బంధింపబడినవానికి ఆహార మెవరు పెట్టవలెను, ఇల్లు కూలద్రోయబడినవాడు ఎక్కడ తలదాచుకొనవలెను, అన్యాయము జరిగెనని తోచినవాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను అను ప్రశ్నలకు అందు చోటులేదు.

పూనా నగరమున దాని ఫలితము వెంటనే కనబడెను. సతారా అసిస్టెంటు కలెక్టరుగా నుండిన వాల్టర్ చార్లెస్ ర్యాండ్ ఫిబ్రవరిలో ప్లేగు కమిటీ అధ్యక్షుడుగా నియమితుడయ్యెను. మార్చి మధ్యనుండి మే మాసము వరకు ఆంగ్ల సైనికులు దళములుగా ఏర్పడి ఇండ్లను శోధించిరి. తలుపులు తెరువనిచో పగులగొట్టిరి. వంటయిండ్లలో, దేవునిగదులలో పాదరక్షలతో ప్రవేశించిరి. సామానులు వీధిలో పారవేసిరి, కొన్నింటిని కాల్చిరి. చంకలను గజ్జలను పరీక్షించు నెపమున స్త్రీపురుషులను ఆరుబయట నిలిపిరి. రోగి దొరకినచో ఆసుపత్రికి, ఇంటివారిని వేరొక శిబిరమునకు తరలించిరి. తిరిగివచ్చిన కుటుంబమునకు ఇల్లు ఏ స్థితిలో దొరకునో ఎవ్వరును పూచీపడలేదు. ఆ పట్టణమువారు వ్యాధిని లెక్కచేయనివారు కారు. సావిత్రీబాయి ఫూలే తన దత్తపుత్రుడు డాక్టరు యశ్వంతు నడపిన చికిత్సాలయమునకు రోగులను చేర్చుచు, వారికి పరిచర్య చేయుచు, తానే ప్లేగు సోకి 1897 మార్చి 10న అసువులు బాసెను. బాలగంగాధర తిలకు పట్టణమును విడువక, ఒక ఆసుపత్రిని నెలకొల్పుటకు తోడ్పడుచు, తన ‘కేసరి’ పత్రికలో ప్రభుత్వ విధానమును విమర్శించుచుండెను. అనగా పూనాలో ప్రజాసహకారమునకు కొరతలేదు. దానిని కోరినవారు లేరు.

ఇచ్చట గోపాలకృష్ణ గోఖలేగారి వృత్తాంతము చెప్పక దాటరాదు. ఆ వేసవిలో లండనులోనున్న ఆయన, పూనానుండి వచ్చిన ఉత్తరములను నమ్మి, సైనికులు స్త్రీలపట్ల అత్యాచారమునకు పాల్పడిరని ఆంగ్ల పత్రిక కొక ప్రకటన నిచ్చెను. స్వదేశమునకు మరలిన పిమ్మట సాక్ష్యము కూర్పబోయినప్పుడు, వ్రాసినవారెవ్వరును తమ పేరు వెల్లడించుటకు సాహసింపలేదు. గోఖలే ఆరోపణను నిరూపింపలేక, బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనెను. దానికై స్వజనుల నిందను చిరకాలము మోసెను. ఆ ఆరోపణ నిజమో కాదో నేడు తేల్చుట నాకు సాధ్యము కాదు. నేను గ్రహించినది మరియొకటి. మొర వినుటకు అధికారి నియమింపబడనిచోట, సాక్ష్యము చెప్పినవానికి రక్షణ లేనిచోట, నిజమైన అన్యాయము రుజువు కాదు, అబద్ధమైన వదంతి ఖండింపబడదు. రెండును జనుల గుండెలలో ఒకటిగానే పేరుకొనిపోవును. ప్రభుత్వము తనకుతానే సత్యమును తెలిసికొను దారిని మూసికొనినది.

జూన్ 22వ తేదీ రాత్రి, విక్టోరియా రాణి వజ్రోత్సవమునుండి మరలుచున్న ర్యాండును, లెఫ్టినెంటు ఎయిర్‌స్టును గణేశఖిండు దారిలో చాపేకర్ సోదరులు తుపాకితో కాల్చిరి. ఎయిర్‌స్టు అక్కడికక్కడే మరణించెను. ర్యాండు జూలై 3న ప్రాణములు విడిచెను. దామోదర చాపేకరును 1898లోను, ఆయన తమ్ములను మరుసటి యేటను ఉరితీసిరి. తిలకుగారికి రాజద్రోహ నేరముపై పదునెనిమిది మాసముల శిక్ష పడెను. హత్యను నేను సమర్థింపను. ప్లేగు నరికట్టవచ్చిన వానిని చంపుటవలన ప్లేగు తగ్గలేదు. కాని ఆ గతి పూనాతో ముగియలేదని గుర్తింపవలెను. 1898 మార్చి 9న బొంబాయి మదన్‌పురాలో, నేతపనివారైన జులాహాల యింట జబ్బుపడిన పన్నెండేండ్ల బాలికను తనిఖీ చేయవచ్చినప్పుడు గుంపు కూడి, అల్లరి చెలరేగి, కాల్పుల వరకు పోయెను. 1900 ఏప్రిలులో కాన్పూరులో జనులు ప్లేగు శిబిరమును తగులబెట్టిరి. హిందువులును ముస్లిములును, నేతగాండ్రును మిల్లు కూలీలును, ఒకే భాష మాటలాడనివారును, ఒకరితో నొకరు ఆలోచించుకొనకయే ఒకే తీరున ఎదిరించుటను మూఢత్వమని కొట్టివేయుట న్యాయము కాదు.

ప్రభుత్వమును దానిని గ్రహించినది. 1898 మొదలుకొని నిర్బంధ శోధనలు క్రమముగా తగ్గెను. కులములవారు, మతములవారు తమ తమ ఆసుపత్రులను తామే పెట్టుకొనుటకు అనుమతి దొరకెను. స్త్రీలను స్త్రీలే పరీక్షించు ఏర్పాటు, వైద్యులను హకీములను కలుపుకొనుట, ఇంటిపెద్దల సాయము కోరుట మొదలయ్యెను. బలప్రయోగమును సడలించినందున జనుల సహకారము పెరిగినదని అధికారులే వ్రాసికొనిరి. అయినను చట్టములోని నాలుగు సెక్షనులు మాత్రము మారలేదు. పాఠము నేర్చినవారు అధికారులు. గ్రంథములోనికి ఎక్కింపబడినది లేదు. అధికారి మారినప్పుడెల్ల పాఠమును మరల మొదటినుండి నేర్వవలసివచ్చెను.

నేర్చినచో ఫలిత మెట్లుండునో 1904లో దక్షిణాఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గు చూపినది. అచ్చటి భారతీయుల వాడలో ప్లేగు పొడసూపగా, న్యాయవాదిగా నుండిన గాంధీజీ తానే రోగులకు పరిచర్య చేసెను. పిమ్మట పురపాలకసంఘము ఆ వాడను ఖాళీచేయించి కాల్చివేయ నిర్ణయించినప్పుడు, అందరును దూరముననున్న క్లిప్‌స్ప్రూట్ మైదానమునకు తరలిపోయిరి. పూనాకంటె కఠినమైన ఆజ్ఞ యది. ఇల్లు కాలిపోవుట కంటె పెద్ద నష్టమేమున్నది? కాని నేలలో పాతిపెట్టుకొనిన వారి ధనమును గాంధీజీ తాను పూచీపడి బ్యాంకులో జమచేయించెను. ఆ మొత్తము అరువదివేల పౌనులకు చేరువయని ఆయనయే తన ఆత్మకథలో వ్రాసెను. క్లిప్‌స్ప్రూటున ఆహారము, గుడారములు సిద్ధముగానుండెను. ఎదిరింపు లేదు.

1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో కోటికి మించిన భారతీయులు మరణించినప్పుడు ఆంక్షల ప్రసక్తియే అరుదు. అప్పుడు ప్రజల ఆగ్రహము ప్రభుత్వము చొరబాటుపై గాక దాని గైరుహాజరుపై చెలరేగెను. 1939లో మద్రాసు శాసనసభ దేశమునకే మార్గదర్శకమైన ప్రజారోగ్య చట్టమును చేసినది. మన ఆంధ్రప్రాంతమునకు అది వారసత్వముగా వచ్చినది. ఈ రెంటిని ఇంతకుమించి విస్తరింపను.

1994 సెప్టెంబరులో సూరతు నగరమున ప్లేగు వార్త పొక్కినప్పుడు, నిర్బంధము విధింపకమునుపే లక్షలకొలది జనులు రైళ్లెక్కి తరలిపోయిరి. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ జిల్లాలనుండి మగ్గములపై బ్రతుకుటకై అచ్చటికి పోయిన పద్మశాలీలు ఆ నగరమున ఎందరో కలరు. దుకాణములలో టెట్రాసైక్లిన్ గోళీలు ఒకనాటిలో అయిపోయెను. సుబ్బారావుగారి పరిశోధనాలయమున మొదలైన ఆ ఔషధకుటుంబము అప్పటికి చవుకగా దొరకుచుండెను. జనులకు కొరవడినది మందు కాదు, తమను ఎవరో కనిపెట్టుకొని యున్నారను నమ్మకము.

ఇక మన కాలపు కోవిడ్ మహామారి. 2020 మార్చి 22న తెలుగు రాష్ట్రములు రెండును లాక్‌డౌన్ ప్రకటించెను. 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి ప్రకటించిన దేశవ్యాప్త లాక్‌డౌన్ నాలుగు గంటల వ్యవధిలో అమలయ్యెను. రాష్ట్ర ప్రభుత్వములు ఆశ్రయించినది 1897 నాటి చట్టమునే. వ్యాధి తీవ్రతను నేను తక్కువ చేయను. త్వరపడుట అవసరమై యుండవచ్చును. కాని హైదరాబాదు హాస్టళ్లలో నున్న యువతీయువకులను యజమానులు ఖాళీచేయుమనగా, వారు పోలీసు ఠాణాలయెదుట బారులుతీరి పాసులు పొంది, తమ ఊళ్లకు బయలుదేరి, అప్పటి కృష్ణా జిల్లా గరికపాడు వద్దను, అప్పటి గుంటూరు జిల్లా పొందుగుల వద్దను సరిహద్దున ఆగిపోవలసివచ్చెను. ఒక ప్రభుత్వము పొమ్మని వ్రాసియిచ్చిన కాగితము రెండవ ప్రభుత్వమునకు కాగితము కాలేదు. ఆ రాత్రులు రోడ్డుపై గడపిన పిల్లలు, మరునాడు పొందుగులలో రాళ్లు రువ్విన గుంపు, లాఠీలెత్తిన కానిస్టేబుళ్లు, వీరిలో ఎవ్వరిని నిందింపను? అందరును తెలుగువారే, అందరును వ్యాధికి భయపడినవారే. రెండు రాజధానుల నడుమ ముందుగా జరుగవలసిన సంభాషణ వంతెనమీద రాళ్లతో జరిగినది.

సంగారెడ్డి సమీపమున కందిలో భవన నిర్మాణమునకై జార్ఖండు, బీహారు మొదలగు రాష్ట్రములనుండి వచ్చి చిక్కుబడిన కార్మికులు వేలకొలది యుండిరి. జీతములు సరిగా అందక, ఇండ్లకు పోవు దారిలేక, ఏప్రిల్ 29న వారు పోలీసులతో తలపడిరి. మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషనునుండి జార్ఖండులోని హటియాకు సుమారు వేయిన్నిరెండువందల మందితో రైలు కదలెను. దేశమున లాక్‌డౌను కాలమందు వలసకూలీలకై నడచిన మొదటి ప్రత్యేక రైలు అదియే. ముప్పదియైదు దినములుగా అసాధ్యమని చెప్పబడినది రెండుదినములలో సాధ్యమయ్యెను. దీనినుండి కార్మికులు ఏ పాఠము నేర్చుకొందురో ఊహింపుడు. అడిగినప్పుడు వినని ప్రభుత్వము అల్లరి చేసినప్పుడు వినునని తెలిసినచో, మరుసటి మహామారిలో జనులు అడుగుటతో కాలయాపన చేయరు.

వినబడని మొరలును కలవు. ములుగు జిల్లాలో మిరపకోతకు ఛత్తీస్‌గఢ్ బీజాపురమునుండి బంధువులతో వచ్చిన ఒక పన్నెండేండ్ల బాలిక, ఏప్రిల్ 14తో ముగియవలసిన లాక్‌డౌనును మే 3 వరకు పొడిగించిరని తెలిసిన పిదప, తనవారితో అడవిదారిన నడక సాగించి, మూడుదినములు నడచి, ఇల్లు చేరుటకు కొలది దూరమున ప్రాణము విడిచెను. ఆమెకు వ్యాధి సోకియుండలేదని పరీక్షలో తేలినది. మదన్‌పురా బాలికకై ఒక వాడయంతయు వీధినపడినది; ఈ బాలికకై అడుగువారు ఆమె తలిదండ్రులు మాత్రమే. ఆమె తిరుగబడలేదు, రాళ్లు రువ్వలేదు. నడచినది. ఆంక్షలపై ప్రజాస్పందనను గూర్చి వ్రాయు చరిత్రకారుడు అల్లర్లను లెక్కించి, నడకను మరచినచో ఆ చరిత్ర అసంపూర్ణమగును.

నా వాదమునకు ఎదురుగా నిలుచు సత్యమొకటి గలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఆ దినములలో ప్రజలు ఆంక్షలను ఎదిరించుటయే గాక, ప్రభుత్వము కంటె అధికముగా తామే బిగించిన సందర్భములు పెక్కు. రెండు రాష్ట్రములలోను ఎన్నో పల్లెలు ముండ్లకంపలు, చెట్లకొమ్మలు, బండరాళ్లు అడ్డమువేసి ఊరిదారి మూసివేసెను. నెల్లూరికి చెందిన వైద్యుడొకరు రోగులకు చికిత్స చేయుచు తానే వ్యాధి సోకి చెన్నపట్టణమున మరణింపగా, అంబత్తూరు శ్మశానమున ఆయన దేహమును దహనము చేయనీయమని స్థానికులు అడ్డుపడిరి. ప్రజాసమ్మతి యున్నంతమాత్రమున ఆంక్ష న్యాయమగునని చెప్పుటకు వీలులేదని ఇందువలన తెలియుచున్నది. అయినను నిదానించి చూచినచో ఇందును మూలము అదియే. మృతదేహమునుండి వ్యాధి ఎంతవరకు వ్యాపించును అను ప్రశ్నకు, నమ్మదగిన మనుష్యుడెవ్వడును ఆ వీధికి ముందుగా వచ్చి సమాధానము చెప్పలేదు. కారణము తెలియని ఆజ్ఞ భయమునకు జన్మనిచ్చును. భయము తనకు చిక్కిన దుర్బలుని వెలివేయును. అదే సమయమున ఆంధ్రప్రదేశములో గ్రామ వాలంటీర్లు, రెండు రాష్ట్రములలో ఆశా కార్యకర్తలు గడపగడపకు తిరిగి జ్వరపీడితుల వివరములు సేకరించినప్పుడు తలుపులు తెరచుకొనెను. పూనాలో సైనికుడు చేసిన పనియే యిది. చేసినది పొరుగింటి ఆడపడుచు.

2021 మే మాసమున రెండవ విజృంభణము వచ్చినది. ఆంధ్రప్రదేశము 5వ తేదీనుండి మధ్యాహ్నము పన్నెండు గంటల పిదప కర్ఫ్యూ విధించినది. తెలంగాణము 12వ తేదీనుండి ఉదయము నాలుగు గంటలు మాత్రమే సడలించి లాక్‌డౌన్ ప్రకటించినది. వీనికి ప్రజలు పెద్దగా ఎదురుచెప్పలేదు. ప్రాణవాయువునకై పరుగులెత్తుచున్న ఇంటింటికి కారణము వివరింప నవసరము లేకపోయెను. కాని హైదరాబాదు ఆసుపత్రులకు వచ్చుచున్న ఆంధ్రప్రాంతపు అంబులెన్సులను సరిహద్దు చెక్‌పోస్టులలో నిలిపివేసినప్పుడు కలిగిన ఆగ్రహము వేరు. ఆసుపత్రిలో పడక ముందుగా ఖాయముకానిదే రానీయమని సర్క్యులరు వెలువడెను. తమ ప్రజలకు పడకలు మిగుల్చుకొనవలెనను ఆందోళన అధికారులకు ఉండుట సహజమే. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ సర్క్యులరును నిలుపుదల చేసినది. పదునాలుగు మాసముల వ్యవధిలో ఒకే సరిహద్దున రెండుమార్లు, మొదట ఆంధ్రప్రదేశము, పిదప తెలంగాణము, తలుపు వేసికొనెను. రాష్ట్రములు విడిపోయి అప్పటికి ఏడేండ్లు నిండలేదు, కుటుంబములు విడిపోలేదు.

ఈ సంవత్సరములలో చట్టమునకు మార్పు రాలేదా యని మీరడుగవచ్చును. వచ్చినది. 2020 ఏప్రిల్ 22న వెలువడిన ఆర్డినెన్సు, పిదప సెప్టెంబరులో శాసనమై, వైద్యసిబ్బందిపై దాడి చేయువారికి ఏడేండ్ల వరకు శిక్ష విధించినది. అది అవసరమైన రక్షణయే, అందరును ఆమోదింపవలసినదే. అయినను మార్పు మరల శిక్ష వైపునకే జరిగెను గాని విధి వైపునకు జరుగలేదు. 2024 ఫిబ్రవరిలో 22వ లా కమిషన్ తన 286వ నివేదికలో, 1897 చట్టము నేటి అవసరములకు చాలదనియు, దానిని సమగ్రముగా సవరించుటయో, కొత్త చట్టము చేయుటయో అవసరమనియు తెలిపినది. మన రాజ్యాంగమందు ప్రజారోగ్యము రాష్ట్ర జాబితాలోనున్నది. అంటువ్యాధి ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు వ్యాపింపకుండ చూచుట ఉమ్మడి జాబితాలోనున్నది. కావున ఢిల్లీ వైపు చూచుచు కూర్చుండనవసరము లేదు.

ఈ సభలోనున్న న్యాయవాదులను, శాసనసభ్యులను, రేపటి వైద్యులను నేను వేడుకొనునది యిది. మహామారి లేని ఈ శాంతికాలముననే, రెండు తెలుగు రాష్ట్రముల శాసనసభలును తమ ప్రజారోగ్య చట్టములయందు ఈ విధులను చేర్పవలెను. కదలవలదని ఆజ్ఞాపించిన దినముననే దినకూలితో బ్రతుకు కుటుంబమునకు భోజనము అందవలెను. ఆంక్ష పొడిగించినప్పుడెల్ల కారణమును ప్రజల భాషలో ప్రకటింపవలెను. ప్రతి జిల్లాలోను మొర వినుటకు, సాక్ష్యము చెప్పువానిని కాపాడుటకు ఒక అధికారి యుండవలెను. ధ్వంసమైన ఆస్తికి పరిహారము హక్కుగా లభింపవలెను. సరిహద్దును మూయుటకు ముందు రెండు ప్రభుత్వములును మాటలాడుకొని, ఒకరు ఇచ్చిన పాసును ఒకరు మన్నించు ఒడంబడిక చేసికొనవలెను. రోగిని మోయు బండి ఏ గీతవద్దను ఆగరాదు. ఈ ఒడంబడికకు సొమ్ము అవసరము లేదు, విదేశీ నిపుణులు అవసరము లేదు. రెండు సంతకములు చాలును. వానిని సాధించు బాధ్యతను మీరు స్వీకరింపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.